తెలుగు వాక్యంలో మూడు చుక్కలు: ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి

“నీకు ఇవ్వవలసిన డబ్బు రేపు సాయంత్రానికి…” అన్న వాక్యాన్ని ఒకసారి చదవండి. ఆ మనిషి సర్దుతానన్నాడో, సర్దలేనన్నాడో, ఇంకో వారం ఆగమని బతిమాలాడో ఈ ముక్కను బట్టి తేలదు. తెలుగులో కాలం, నిషేధం, కర్త ఎవరన్న సూచన, ఎదుటివారికిచ్చే మర్యాద, ఇవన్నీ వాక్యం చివర వచ్చే క్రియలోనే ఇమిడి ఉంటాయి. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ వచ్చేస్తుంది కాబట్టి, వాక్యం తోక తెగినా ఏం జరిగిందన్నది చాలాసార్లు ముందే తెలిసిపోతుంది. పోయేది ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్న వివరం మాత్రమే. మన వాక్యం తోక తెగితే అవునో కాదో తేల్చే మాటే పోతుంది. అందువల్ల ఇంగ్లీషు రచనకు రాసిపెట్టిన నియమాలను తెచ్చి తెలుగుకు తగిలిస్తే సరిపోదు. మూడు చుక్కలు పెట్టే ప్రతిచోటా ఏ క్రియను మింగుతున్నామో తెలిసి పెట్టాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క జాగ్రత్త నుంచి వచ్చినదే.

ఈ గుర్తు చేసే పనులు రెండు. మాట్లాడుతున్న మనిషి వాక్యాన్ని పూర్తిచేయకుండా వదిలేశాడని చూపడం మొదటిది. ఇతరుల మాటలను ఉదాహరించేటప్పుడు కొంత భాగాన్ని మనమే తీసేశామని దాచకుండా చెప్పడం రెండోది. దరఖాస్తులో పేరు రాయడానికి వదిలే చుక్కల వరుస, పరీక్షపత్రంలో ఖాళీలు పూరించమని ఇచ్చే చుక్కలు, విషయసూచికలో అధ్యాయం పేరు నుంచి పుట సంఖ్య దాకా పరిచే చుక్కలు చూపుకు ఇలాగే ఉన్నా అవి విరామచిహ్నాలు కావు. వాటికి ఇన్నే ఉండాలన్న లెక్క కూడా లేదు కాబట్టి వాటిని పక్కన పెడదాం.

ముందు వాక్యాన్ని పూర్తిచేయండి

చుక్కలు పెట్టాలనిపించిన చోట మొదట చేయవలసిన పని, వాటిని పెట్టకుండా ఆ వాక్యాన్ని సమాపక క్రియతో, అంటే వాక్యాన్ని ముగించే క్రియతో సహా చిత్తుప్రతిలో పూర్తిగా రాయడం. “నీకు ఇవ్వవలసిన డబ్బు రేపు సాయంత్రానికి సర్దలేను” అని రాసుకున్నాక, ఆ చివరి మాటను పాత్ర ఎందుకు మింగిందో ఆలోచించండి. సిగ్గుపడి ఆగిందా, పక్కన మూడో మనిషి ఉన్నందువల్ల ఆగిందా, ఎదుటివాడి ముఖం మారడం చూసి ఆగిందా అన్నది మీకు స్పష్టంగా తెలిస్తే, అప్పుడు “సర్దలేను” కొట్టేసి చుక్కలు పెట్టండి. తెలియకపోతే ఆ తడబాటు పాత్రది కాదు, రాస్తున్న మీది. ఏం చెప్పాలో తోచక మీరు ఆగారన్నమాట. చిత్తుప్రతుల్లో కనిపించే చుక్కల్లో సగానికి పైగా ఈ రెండో రకానివేనని నా అనుభవం.

తరవాత, కొట్టేసిన క్రియను పాఠకుడు తిరిగి పూరించుకోగలడా అని చూడాలి. పద్యంలో కనిపించని పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చుకొని అన్వయించుకోవడాన్ని మన వ్యాఖ్యాతలు అధ్యాహారం అంటారు. మీ వాక్యానికి కూడా పాఠకుడు అలాంటి వ్యాఖ్యాతే. మీరు రాసిన పుటను ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించి, చుక్కల దగ్గర ఆగి, తరవాతి మాట ఏమై ఉంటుందో చెప్పమనండి. వాళ్ళు చెప్పిన క్రియ మీరు కొట్టేసిన క్రియకు దగ్గరగా ఉంటే చుక్కలు నిలుస్తాయి. పూర్తిగా వ్యతిరేకమైన మాట చెబితే, ఆ సందిగ్ధాన్ని మీరు కావాలని పెట్టారో లేదో ఆలోచించండి. కావాలని పెట్టినదే అయితే ఎదుటి పాత్ర కూడా అదే సందిగ్ధంలో పడాలి. అందుకు తగిన ప్రశ్నో చూపో తరవాతి వాక్యంలో కనిపించాలి.

క్రియ లేని ప్రతి వాక్యమూ అసంపూర్ణం కాదన్నది ఇక్కడే గుర్తుంచుకోవాలి. “ఆయన మా పెద్దమామయ్య.” “వాళ్ళది ఏలూరు.” “ఇది ఎవరి ఇల్లు?” ఇవన్నీ క్రియ అవసరం లేని నిండు వాక్యాలు. ఏదో మాట తక్కువైందన్న అనుమానంతో వీటి చివర చుక్కలు పెట్టేవారు ఉన్నారు. “వాళ్ళది ఏలూరు…” అంటే ఏలూరు వాళ్ళ మీద ఏదో నింద వేయబోయి మానుకున్నట్టు ధ్వనిస్తుంది. రాసినవారి ఉద్దేశం అది కాకపోవచ్చు, కానీ చుక్కలు ఆ పని చేసేస్తాయి.

ఎక్కడ తెంచాలి

తెలుగు వాక్యం సహజంగా ఆగిపోగల చోట్లు కొన్ని ఉన్నాయి. మాట్లాడేటప్పుడు మనం అక్కడే ఆగుతాం, రాసేటప్పుడు కూడా అక్కడే తెంచాలి. వీటిలో అన్నిటికన్నా బలమైనది చేదర్థకం, అంటే “చేస్తే, వస్తే, అంటే” వంటి రూపం. “మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే…” అని ఆగితే ఆ తరవాతి శిక్షను వినేవాడే ఊహించుకుంటాడు, అతని ఊహ ఎప్పుడూ మనం రాయగలిగిన దానికన్నా భయంకరంగానే ఉంటుంది. “ఆ రోజు నువ్వు ఒక్క ఫోను చేసి ఉంటే…” అన్నప్పుడు జరిగిన నష్టమంతా చెప్పకుండానే తెలుస్తుంది. బెదిరింపు, పశ్చాత్తాపం, ఆశ, ఈ మూడింటికీ తెలుగులో చేదర్థకం దగ్గర ఆగడమే అలవాటు. దాని పక్కనే అప్యర్థకం, అంటే “చేసినా, చెప్పినా” వంటి రూపం నిలుస్తుంది. “ఎంత చెప్పినా…” అని ఒక తల్లి నిట్టూరిస్తే “వినడు” అన్న మాట రాయనక్కర్లేదు. “అడగాలనే ఉంది కానీ…” అన్నచోట “కానీ” కూడా ఇలాంటిదే. దాని తరవాత రావలసిన అడ్డంకి ఏదో ఒకటి ఉంటుందని భాషే మాట ఇచ్చేసింది.

క్త్వార్థకం, అంటే “చేసి, తిని” వంటి రూపం దగ్గర తెంచడం అంత ఫలించదు. “అన్నం తిని…” అంటే ఆ తరవాత పడుకున్నాడో, పొలం వెళ్ళాడో, ఊరే విడిచిపోయాడో ఏ సూచనా ఉండదు. పాఠకుడు ఊహించడు, ఊరికే ఎదురుచూస్తాడు. ఇక శత్రర్థకం, అంటే “చేస్తూ, చూస్తూ” అన్న రూపం, మన ఉత్తరాల్లోనూ ఆహ్వానపత్రికల్లోనూ పడుతున్న పాట్లు అన్నీ ఇన్నీ కావు. “మీ రాకను కోరుతూ…” అని చుక్కలు పెట్టి, కింద పేర్లు అచ్చువేయిస్తారు. ఆ వాక్యం నిజానికి అసంపూర్ణం కాదు. “కోరుతూ” తరవాత “ఇట్లు” అన్న మాటా, దాని కింద సంతకమూ వచ్చి దాన్ని ముగిస్తాయి. అక్కడ కావలసింది కామా.

నామవాచకం దగ్గర తెంచవలసి వస్తే విభక్తి ప్రత్యయాన్ని చేర్చి తెంచండి. “నాన్నకు…” అని ఆగితే చెప్పాలనో, తెలుసుననో, ఒంట్లో బాగా లేదనో పాఠకుడు అనుకోగలడు. సందర్భం మిగిలిన పని చేస్తుంది. వట్టి “నాన్న…” అన్నప్పుడు అతను కర్తో కర్మో కూడా తెలియదు. “నాన్నా…” అని దీర్ఘం వస్తే అది పిలుపు, దాని దారి వేరు. ఈ ఒక్క దీర్ఘం పొరపాటున పడిపోవడం వల్ల పిలుపు కాస్తా ప్రస్తావన అయిపోయిన సంభాషణలు చాలా చూశాను.

సంభాషణలో తడబాటు

పాత్ర నత్తిగా మాట్లాడుతోందనో భయంతో మాట పెగలడం లేదనో చూపాలంటే అక్షరం దగ్గర తెంచండి. అక్షరమంటే ఇక్కడ హల్లు, దాని గుణింతం, ఒత్తు అన్నీ కలిసిన ముద్ద. “క్ష… క్షమించండి”, “శ్రీ… శ్రీనివాస్”, “వి… విన్నాను” అని రాయాలి. “శ… శ్రీనివాస్” అని రాస్తే ఆ మనిషి వేరే పేరేదో మొదలుపెట్టి మానేసినట్టు ఉంటుంది. ఒక తడబాటుకు ఒకసారి విరిస్తే చాలు, రెండుసార్లు విరిస్తే హాస్యం అవుతుంది, మూడుసార్లకు పాఠకుడు ఆ వాక్యాన్ని దాటేస్తాడు. నత్తి కాకుండా వట్టి సంకోచమే అయితే తెలుగువాళ్ళు చివరి అచ్చును సాగదీస్తారు. “అదీ… ఏమిటంటే” అన్నప్పుడు ఆ దీర్ఘమే సగం పని చేస్తుంది కాబట్టి ఒక్క చోట చుక్కలు సరిపోతాయి.

మాట తనంతట తాను ఆరిపోతే చుక్కలు, ఎదుటివారు తెంచేస్తే అడ్డగీత పెట్టండి. ఈ భేదాన్ని పాటించే తెలుగు రచన తక్కువే కానీ పాటిస్తే సంభాషణకు ఎంతో స్పష్టత వస్తుంది.

“నేను చెప్పేది ఏమిటంటే, ఆ పొలం కాగితాలు—”

“కాగితాల సంగతి తరవాత, ముందు కాళ్ళు కడుక్కుని భోజనానికి లేవండి బావగారూ.”

ఇక్కడ గీత బదులు చుక్కలు పెడితే కాగితాల మాట ఎత్తిన మనిషి తానే సంకోచించి ఆగాడని అర్థమవుతుంది, మాట మార్చిన ఘనత బావమరిదికి దక్కదు.

మన క్రియలో మర్యాద కూడా ఉంటుందని మొదట్లో అన్నాను. కథకులకు ఇది మంచి సాధనం. ఇంట్లో తనకన్నా చిన్నవాడైన బావమరిది ఆఫీసులో తనకు పై అధికారి అయ్యాడనుకోండి. “ఆ ఫైలు నిన్ననే చూసి…” అని ఆగిపోయిన ఉద్యోగి “ఉంటావు” అనాలో “ఉంటారు” అనాలో తేల్చుకోలేక ఆగాడు. ఆ ఇబ్బందిని వర్ణించడానికి ఒక పేరా రాసే బదులు మూడు చుక్కలు పెట్టి ఊరుకోవచ్చు. క్రియలో మర్యాద పలకని భాషలో ఇది కుదిరే పని కాదు.

ప్రశ్న విషయం కూడా ఇంతే. “రేపు ఊరికి వెళ్తున్నావా” అన్నప్పుడు ప్రశ్న అంతా క్రియ చివరి “ఆ” లో ఉంది. క్రియను మింగేస్తే అదీ పోతుంది కాబట్టి “రేపు ఊరికి…?” అని ప్రశ్నార్థకాన్ని తప్పకుండా చేర్చాలి. చుక్కలు ముందు, ప్రశ్నార్థకం తరవాత, రెండింటి మధ్య ఖాళీ ఉండకూడదు. ఆశ్చర్యార్థకమూ అంతే.

మాటేమీ లేకుండా చుక్కలనే ఒక సంభాషణ వాక్యంగా రాసి మౌనాన్ని చూపే పద్ధతి ఒకటుంది. నాకు అది అంతగా నచ్చదు. ఆ మనిషి ఏం చేశాడో, గోడ వైపు తిరిగాడో, గ్లాసులో నీళ్ళు తాగాడో చెబితే ఆ మౌనానికి ఒక ఆకారం వస్తుంది.

ఇతరుల మాటలను కుదించేటప్పుడు

కథలో చుక్కలు పొరపాటైతే వాక్యం చెడుతుంది. ఉల్లేఖనలో పొరపాటైతే ఒక మనిషి అనని మాట అతని నోట పెట్టినట్టవుతుంది. అందుకే ఈ పనిని నెమ్మదిగా, మూలాన్ని పక్కన పెట్టుకొని చేయాలి.

ఒక రైతు ఇలా అన్నాడనుకుందాం: “ఈ కాలువ తవ్వితే మా ఊరికి నీళ్ళు వస్తాయని నేను ఎన్నడూ నమ్మలేదు.” దీన్ని “ఈ కాలువ తవ్వితే మా ఊరికి నీళ్ళు వస్తాయని…” అని కుదిస్తే ఉన్న మాటలన్నీ ఆయనవే, అర్థం మాత్రం తలకిందులు. “అని” తో ముగిసే ఉపవాక్యాన్ని ఉదాహరించినప్పుడు దాన్ని మోసే ప్రధానక్రియను ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. “అని ఊళ్ళో అనుకుంటున్నారు”, “అని విన్నాను”, “అనడం సరికాదు” వంటి తోకలు కూడా ఇదే జాతివి. అవి పోతే పుకారు వాస్తవమైపోతుంది, ఖండన సమర్థన అయిపోతుంది.

ప్రమాదం వాక్యం మొదట కూడా ఉంది. మన షరతులు ముందు వస్తాయి. “వర్షాలు సకాలంలో పడితే, పురుగు సోకకపోతే, ఈసారి ఎకరాకు 30 బస్తాలు పండుతాయి” అన్న మాటలో ముందు భాగం తీసేసి “…ఈసారి ఎకరాకు 30 బస్తాలు పండుతాయి” అని అచ్చువేస్తే, జాగ్రత్తగా మాట్లాడిన మనిషిని జోస్యం చెప్పేవాడిగా మార్చినట్టే. మొదట మూడు చుక్కలు పెట్టాం కదా అనడం సమాధానం కాదు. అక్కడ షరతు ఉండేదని ఆ చుక్కలు చెప్పవు.

మరి తెలుగు వాక్యాన్ని ఎక్కడ కోయడం క్షేమం? నామవాచకానికి ముందు వచ్చే విశేషణ ఉపవాక్యాల్లో. “కిందటేడు మా తమ్ముడి పేరున కొన్న, కాలువ పక్కన తుమ్మచెట్ల వరుస దాకా ఉన్న ఆ రెండెకరాల పొలాన్ని ఈ సంక్రాంతికి అమ్మేశాం” అన్న వాక్యాన్ని “కిందటేడు మా తమ్ముడి పేరున కొన్న … ఆ రెండెకరాల పొలాన్ని ఈ సంక్రాంతికి అమ్మేశాం” అని కుదిస్తే వ్యాకరణమూ నిలిచింది, అర్థమూ నిలిచింది. కోసిన తరవాత మిగిలినదాన్ని మూలం చూడకుండా పైకి చదివి, అన్న మనిషి ఇది విని ఒప్పుకుంటాడా అని మిమ్మల్ని మీరు అడగండి. సందేహం కలిగితే ఉల్లేఖన మానుకొని, ఆయన చెప్పినదాన్ని మీ మాటల్లో పరోక్షంగా రాయండి. అప్పుడు చుక్కలతో పనే ఉండదు.

రెండు వాక్యాల మధ్య కొన్ని వాక్యాలను వదిలేస్తే, మొదటి వాక్యానికి దాని చుక్క దానికి పెట్టి, కొంత ఖాళీ వదిలి, మూడు చుక్కలు పెట్టి, మళ్ళీ ఖాళీ వదిలి తరవాతి వాక్యం మొదలుపెట్టండి. ఒకటి రెండు మాటలను మాత్రమే మీ వాక్యంలో కలుపుకొని ఉదాహరిస్తున్నప్పుడు ముందూ వెనకా చుక్కలు అక్కర్లేదు. అది ముక్క అని ఎవరికైనా తెలుస్తుంది. మూలంలోనే రచయిత చుక్కలు వాడి ఉంటే, మీరు తీసేసిన చోటును చదరపు కుండలీకరణాలలో […] ఇలా చూపండి. అప్పుడు ఏ చుక్కలు ఎవరివో పాఠకుడికి తెలుస్తుంది.

పద్యాన్ని కుదించడం వేరే విద్య. వచనంలా పాదం చివర తెంచితే సరిపోతుందనుకోకండి. మన వృత్తపద్యాల్లో మాట ఒక పాదంలో మొదలై తరవాతి పాదంలో ముగియడం సర్వసాధారణం. పాదాన్ని బట్టి కోస్తే మాట మధ్యలో తెగుతుంది. సంధి కలిసిన చోటా అదే చిక్కు. “రాముడచటికి” అన్నచోట “రాముడు” దగ్గర ఆపాలనుకుంటే మూలంలో లేని రూపాన్ని మీరు సృష్టించినట్టు అవుతుంది. ఒక మాట ఎక్కువైనా ఫరవాలేదు, సంధి విడిచే అవసరం లేని చోటు దాకా ఉదాహరించండి. పాదాలకు పాదాలే వదిలేస్తే, ఆ స్థానంలో ఒక వరుస పొడవునా చుక్కలు పరవడం ముద్రణలో ఉన్న మర్యాదే. పాటల పుస్తకాల్లో ఇంతకన్నా అందమైన మన పద్ధతి ఒకటుంది. చరణం పూర్తయ్యాక పల్లవి మళ్ళీ పాడాలని చెప్పడానికి పల్లవి మొదటి మాటను మాత్రం రాసి దానికి రెండు వైపులా జంట నిలువుగీతలు పెడతారు. మూడు చుక్కలతో పోటీపడగల లోపచిహ్నం, అంటే మాటలు వదిలేశామని చూపే గుర్తు అది. పాటలు ఎత్తిరాసేవారు దాన్ని వదిలి చుక్కలకు మారనక్కర్లేదు.

పాత గ్రంథాలనుంచీ శాసనాలనుంచీ ఉదాహరించేవారికి ఒక హెచ్చరిక. తాళపత్రం చివికో పురుగు తినో పోయిన భాగాన్ని గ్రంథపాతం అంటారు. పరిష్కర్తలు అచ్చులో ఆ చోట చుక్కలు పెడతారు. శాసనపాఠాలలో రాయి పెచ్చు లేచి చదవడానికి వీలుకాని అక్షరాల స్థానంలోనూ చుక్కలు కనిపిస్తాయి, ఎన్ని అక్షరాలు పోయి ఉంటాయన్న అంచనా ఆ చుక్కల సంఖ్యలో ఉండవచ్చు. మీరు చూడటానికి బాగుండాలని ఏడు చుక్కలను మూడు చేస్తే ఆ అంచనా పోతుంది. అచ్చులో ఉన్నది ఉన్నట్టే ఎత్తిరాసి, మీరు వదిలేసినదాన్ని చదరపు కుండలీకరణాలలోనే చూపండి.

రెండు చుక్కల అలవాటు

తెలుగు పత్రికల శీర్షికలు చదివేవారికి రెండు చుక్కల గురించి చెప్పనక్కర్లేదు. “ఎడతెరిపి లేని వాన.. నిండిన చెరువులు.. రోడ్డున పడ్డ జనం” అన్న తరహా శీర్షిక ఏ రోజు పత్రిక తెరిచినా దొరుకుతుంది. అవి లోపచిహ్నాలు కావు, అక్కడ ఏ మాటా లోపించలేదు. కామా, అడ్డగీత, న్యూనబిందువు (కోలన్), “అందువల్ల” అన్న మాట, ఈ అన్నిటి పనినీ ఆ రెండు చుక్కలే చేస్తున్నాయి. ఎందుకు ఇంతగా అలవాటయిందో నేను ఊహించగలను. ఇరుకు కాలమ్‌లో పెద్ద అక్షరాల కింద ఒత్తులు వేలాడుతున్నప్పుడు కామా వాటిలో కలిసిపోతుంది, రెండు చుక్కలు మాత్రం కంటికి ఆనుతాయి. శీర్షికలో వాటిని వాడుకోండి, మీ పత్రిక పద్ధతి అదే అయితే తప్పకుండా వాడండి.

చిక్కు అవి శీర్షిక దిగి వార్తలోకీ, వ్యాసంలోకీ, కథలోకీ వచ్చినప్పుడు మొదలవుతుంది. “అధికారి మాట్లాడుతూ.. వరద బాధితులను ఆదుకుంటామని.. అన్నారు” అన్న వాక్యం చూడండి. “మాట్లాడుతూ” లోని “తూ”, “ఆదుకుంటామని” లోని “అని” ఆ విరామాన్ని తమలోనే మోస్తున్నాయి. తెలుగు ప్రత్యయాలు చాలావరకు విరామచిహ్నాలను కడుపులో పెట్టుకున్న మాటలు. మన తాళపత్రాలలో మాటల మధ్య ఖాళీ కూడా లేకుండా రాసినా చదివేవారు చదువుకోగలిగారంటే ఇదీ ఒక కారణమే. కాబట్టి ఈ వాక్యంలో రెండు చుక్కల జంటలనూ తీసేసి, వాటి స్థానంలో ఏమీ పెట్టకుండా చదవండి. ఏ నష్టమూ లేదు.

మీ రచనలో రెండు చుక్కలు కనిపించిన ప్రతిచోటా మొదట వాటిని తీసేసి చదవడమే పని. అలాగే బాగుంటే వదిలేయండి. రెండు విడి వాక్యాలు అతుక్కుపోయినట్టు ఉంటే పూర్ణవిరామం పెట్టండి. జాబితా అయితే కామాలు చాలు. మొదటి ముక్క రెండోదానికి కారణమైతే “కాబట్టి”, “దాంతో”, “అందుకని” వంటి మాటను తీసుకురండి. ఆ సంబంధాన్ని చెప్పడానికి బద్ధకించి పెట్టిన చుక్కలే వీటిలో ఎక్కువ. ఇవేవీ కుదరక, మాట నిజంగానే ఆగిపోయిందని తేలితే, ఇంకో చుక్క చేర్చి మూడు చేయండి. జాబితా చివర “వగైరా”, “మొదలైనవి” అని రాసి చుక్కలు కూడా పెట్టేవారు ఆ రెండింటిలో ఒకదాన్ని వదులుకోవాలి.

టైపు చేసేటప్పుడు

మూడు చుక్కలకు యూనికోడ్‌లో ఒకే అక్షరంగా స్థానం ఉంది. దాని షోడశాంశ (హెక్సాడెసిమల్) సంఖ్య 2026. వర్డ్‌లో వరసగా మూడు చుక్కలు కొడితే మామూలుగా అదే ఈ అక్షరంగా మారుతుంది. విండోస్‌లో ఆల్ట్ మీట నొక్కి పట్టుకొని కుడివైపు అంకెల పలకపై 0133 కొట్టినా, మ్యాక్‌లో ఇంగ్లీషు కీబోర్డులో ఉండి ఆప్షన్ మీటతో సెమికోలన్ నొక్కినా వస్తుంది. చాలా ఫోన్లలో అంకెలూ గుర్తులూ ఉండే పుటకు వెళ్ళి చుక్క మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే పైన కనిపిస్తుంది. ఒక తెలుగు ఎస్సెమ్మెస్‌కు పరిమితి మామూలుగా 70 యూనికోడ్ సంకేతాలే కాబట్టి అక్కడ మూడు బదులు ఒకటి వాడటం కొంత పొదుపు కూడా.

విడివిడిగా మూడు చుక్కలు కొట్టినా తప్పు లేదు, ఒక రచనలో మొదటి నుంచి చివరి దాకా ఒకే పద్ధతి ఉండాలి. రెండు రకాలూ కలిస్తే వెతికి మార్చే సమయానికి సగం దొరకవు, ఎందుకంటే కంప్యూటరుకు అవి వేర్వేరు అక్షరాలు. చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ మాత్రం వదలకండి. ఇంగ్లీషు ప్రచురణకర్తలు కొందరు అలా చేస్తారు కానీ, తెర మీద వరుస మారినప్పుడు ఒక చుక్క పైన, రెండు చుక్కలు కింద పడతాయి. కొన్ని తెలుగు ఫాంట్లలో ఈ అక్షరం ఉండదు. అప్పుడు వేరే ఫాంటు నుంచి వచ్చిన చుక్కలు సన్నగానో ఎత్తుగానో కనిపిస్తాయి. పాత డీటీపీ ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చిన రచనల్లో చుక్కల స్థానంలో సంబంధం లేని గుర్తు చేరి ఉండవచ్చు, అచ్చుకు పంపేముందు చూసుకోండి.

ఖాళీల విషయంలో నేను పాటించే పద్ధతి ఇది. మాట ఆరిపోయిందని చూపే చుక్కలను ముందు మాటకు అంటించి, తరవాత ఒక ఖాళీ వదులుతాను. ఉల్లేఖనలో నేను తీసేసిన భాగానికి గుర్తుగా పెట్టే చుక్కలకు రెండు వైపులా ఖాళీ వదులుతాను. పాఠకుడు దీన్ని గమనించకపోయినా దిద్దేవారు గమనిస్తారు. చుక్కలతో ముగిసిన వాక్యానికి మళ్ళీ నాలుగో చుక్క పెట్టను. ఆ వాక్యం ముగియలేదని చెప్పడానికే కదా చుక్కలు పెట్టింది.

వాట్సాప్ సందేశాల్లో ఈ నియమాలన్నీ ఎవరూ పాటించరు, పాటించనక్కర్లేదు కూడా. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. పెద్దవాళ్ళు చాలామంది ఊపిరి తీసుకోవడానికి చుక్కలు పెడతారు, కుర్రవాళ్ళు వాటిలో అలక చదువుతారు. “సరే” అంటే సరే. “సరే…” అంటే ఇష్టం లేకపోయినా సరే. మేనమామ పంపిన “అలాగే…” చూసి రెండు రోజులు బాధపడిన మేనకోడళ్ళు ఉంటారు, ఆయన అప్పటికే ఆ సంగతి మరచిపోయి ఉంటాడు.

చివరి దిద్దుబాటు

రచన పూర్తయ్యాక చుక్కల కోసం వెతికి, ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి. తరవాత ఒక్కొక్కదాని దగ్గర ఆగి, మింగిన క్రియ ఏదో పైకి చెప్పండి. చెప్పలేకపోతే తీసేయండి. ఈ పేరాను ఉదాహరణగా తీసుకుందాం.

“ఊరు చేరేసరికి చీకటి పడింది… బస్టాండులో ఒక్క ఆటో కూడా లేదు… సంచి భుజాన వేసుకొని నడక మొదలుపెట్టాను… వీధి చివర మా ఇల్లు… తలుపు తీసిన అన్నయ్య, ‘అమ్మ నిన్నే అడిగింది… నువ్వు వచ్చేసరికి…’ అన్నాడు… నాకు అంతా అర్థమైంది…”

ఎనిమిది చోట్ల చుక్కలున్నాయి. మొదటి మూడు వాక్యాలూ సమాపక క్రియలతో ముగిశాయి, మింగినది ఏమీ లేదు. నాలుగోది క్రియారహిత వాక్యం, దానికి పూర్ణవిరామమే తగినది. “అడిగింది”, “అన్నాడు”, “అర్థమైంది” కూడా నిండు క్రియలే. “వచ్చేసరికి” తరవాత మాత్రం ఒక క్రియ నిజంగా పోయింది, అది అన్నయ్య నోట రాలేని క్రియ.

“ఊరు చేరేసరికి చీకటి పడింది. బస్టాండులో ఒక్క ఆటో కూడా లేకపోవడంతో సంచి భుజాన వేసుకొని నడక మొదలుపెట్టాను. వీధి చివర మా ఇల్లు. తలుపు తీసిన అన్నయ్య, ‘అమ్మ పొద్దుటినుంచీ నిన్నే అడిగిందిరా. నువ్వు వచ్చేసరికి…’ అన్నాడు.”

చివరి వాక్యాన్ని పూర్తిగా తీసేయడానికి కారణం, అన్నయ్య మింగిన క్రియను పాఠకుడు అప్పటికే పూరించుకున్నాడు. అర్థమైందని తమ్ముడు వేరే చెబితే, పాఠకుడు చేసిన పనిని మళ్ళీ చేసినట్టవుతుంది.